పిండినల్లి మీద నా దండయాత్ర

మందార కొమ్మల చివర దూది అంటినట్టు కనిపిస్తే పిండినల్లి అని పోల్చుకున్నాను. అంతవరకు బాగానే ఉంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి మిట్టమధ్యాహ్నం ఉత్సాహంగా పిచికారీ చేశాను. నల్లి చావలేదు గానీ ఆకులు మాడిపోయాయి! నూనె మందు ఎండలో కొట్టకూడదన్న ఇంగితం తర్వాత కలిగింది.

రెండోసారి సాయంత్రం పూట, ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో బాగా తడిసేలా కొట్టాను. నల్లి ఒంటి మీది మైనపు పొర నీటిని నిలవనివ్వదు, సబ్బు అందుకే. వారానికి మళ్లీ.

అప్పుడు చూశాను, కాండం మీద చీమల బారు. నల్లి వదిలే తీపి జిగురు కోసం దానికి కాపలా కాసేది ఇవే. ఇన్నాళ్లూ నేను కాపలాదారులను వదిలేసి యుద్ధం చేస్తున్నానన్నమాట.

నిన్న ఓ కొమ్మ మీద పిండినల్లిని తినే అక్షింతల పురుగు కనిపించింది. పిచికారీ డబ్బా పక్కన పెట్టేశాను.