బాంబు పేలితే కన్సోలే ఆగిపోతోంది

మేం సొంతంగా చేస్తున్న చేతి గేమ్ కన్సోల్‌కి రెండో బోర్డు వచ్చింది. బటన్లు బాగున్నాయి, కేసు కూడా సరిగ్గా కూర్చుంది. కానీ ఫుల్ వాల్యూమ్‌లో గేమ్‌లో బాంబు పేలిందంటే చాలు, మొత్తం రీసెట్! కంప్యూటర్‌కి కలిపి సీరియల్ మెసేజ్‌లు చూస్తే బ్రౌనౌట్, అంటే వోల్టేజి హద్దు కిందకి పడి చిప్ తనంతట తానే రీసెట్ అవ్వడం. బ్యాటరీ 3.9 వోల్టుల మీద ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు, 3.5కి దిగిందా, ఇక అంతే.

చిప్‌కి కరెంటిచ్చే 3.3 వోల్టుల లైన్ మల్టీమీటర్‌లో కదలనే కదలదు. క్షణంలో వచ్చిపోయే పతనం మల్టీమీటర్ వేగానికి చిక్కదు. యూనివర్సిటీ దగ్గరుండే ఫ్రెండ్ స్కోప్ (వోల్టేజి మార్పుల్ని క్షణక్షణం గీసి చూపేది) పెడితే బయటపడింది: శబ్దం వచ్చిన క్షణంలో బోర్డు దగ్గర 3.5 కాస్తా 2.65, 3.3 లైన్ 2.4. మా చిప్ ఈఎస్‌పీ32-ఎస్3 బ్రౌనౌట్ హద్దు ఆ చుట్టుపక్కలే. 4 ఓమ్‌ల స్పీకర్ 0.8 ఆంప్, వైఫై 0.3, బ్యాక్‌లైట్ 0.1, కలిపితే 1.2.

మరి 0.85 వోల్టులు ఎక్కడ పోతున్నాయి? ఒక్కో చోటా ప్రోబ్ పెట్టాం. సెల్ లోపల 0.2, బ్యాటరీని కాపాడే ప్రొటెక్షన్ బోర్డులో 0.1, వైర్లలో 0.1. మిగతా 0.45 మొత్తం పవర్ స్లైడ్ స్విచ్‌లోనే! "స్విచ్‌కి అంత సీన్ లేదన్నా" అన్నాడు మా కోడింగ్ తమ్ముడు. వైరు ముక్కతో షార్ట్ చేసి చూపించా, 3.5లో రీసెట్ మాయం. బ్యాటరీ 3.3కి దిగితే మాత్రం రీసెట్ ఇంకా అప్పుడప్పుడూ వస్తోంది. ఖాళీ అయ్యేకొద్దీ సెల్ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి నా అనుమానం దాని మీదే.

470 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెట్టమని అందరూ చెప్తారు. 80 హెర్ట్జ్ బాస్‌కి అర సైకిల్ 6 మిల్లీసెకన్లు. అంతసేపూ 0.8 ఆంప్ అదే ఇవ్వాలంటే దాని వోల్టేజి 10 వోల్టులు పడాలి. దండగ. బ్యాటరీ వోల్టేజిని 3.3 చేసే రెగ్యులేటర్ విషయానికొస్తే, బ్యాటరీ పరికరానికి ఏఎంఎస్1117 వద్దే వద్దు, 1 వోల్టు అదే తినేస్తుంది. మాది అంతకంటే తక్కువ తినే ఏపీ2112. ప్లేడేట్ అనే చేతి కన్సోల్ చేసినవాళ్ళు బ్యాక్‌లైటే పెట్టలేదు, ఆ కరెంటు మిగిలినట్టే, తెలివైన పని.

మూడో బోర్డులో స్లైడ్ స్విచ్ ఏఓ3401 మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) గేట్‌ని, అంటే దాన్ని ఆన్-ఆఫ్ చేసే కాలుని మాత్రమే నడుపుతుంది, కరెంటంతా మాస్‌ఫెట్ గుండా వెళ్తుంది. ఆడియోలో 250 హెర్ట్జ్ కింద కోసేస్తాం, ఈ బుల్లి స్పీకర్‌లో ఆ బాస్ ఎలాగూ వినపడదు. స్క్రీన్ కూడా మార్చాలనుంది. పక్కనే రేణిగుంట వైపు టీవీలు తయారవుతున్నాయి, మనకేమో 2.8 అంగుళాల స్క్రీన్ కోసం చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచ్చీ స్ట్రీట్‌కి పోవాలి. ఎలాగూ పోతున్నాం కదా, కరెంటు తక్కువ లాగే 8 ఓమ్‌ల స్పీకర్లు కూడా పట్టుకొస్తా.