వంశధార వెంట వరాహముఖ దేవతలు

శ్రీకాకుళం నుంచి పొద్దున్నే బయల్దేరి ముందు శాలిహుండం, మధ్యాహ్నం దాటాక శ్రీముఖలింగం చూశాం. రెండూ వంశధార ఒడ్డు ఊళ్లే. ముఖలింగం ఎగువన, శాలిహుండం సముద్రానికి దగ్గరగా దిగువన. శాలిహుండంలో బౌద్ధుల దేవత మారీచి, ముఖలింగంలో సప్తమాతృకల్లో ఒకరైన వారాహి. ఇద్దరిదీ ఆడ ఒళ్లే, ఇద్దరికీ పంది ముఖం ఉంది. పాత శిల్పి స్త్రీ శరీరాన్ని ఎలా ఊహించాడో తెలుసుకోవాలంటే అందగత్తెల బొమ్మలకన్నా ముందు వీళ్లనే చూడాలి.

శాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తిగారే. కొండెక్కాలి కాబట్టి ఎండ ముదరకముందే వెళ్లాలి. మారీచికి మామూలుగా మూడు ముఖాలు, అందులో ఒకటి వరాహం. రథాన్ని లాగేవి ఏడు పందులు. చేతుల్లో విల్లు, బాణం, వజ్రాయుధంతోపాటు సూదీ దారమూ ఉంటాయి. చూడగానే చేతులు లెక్కపెట్టడం మొదలుపెడితే అసలు సంగతి తప్పిపోతుంది. ముందు కాళ్లు చూడాలి. ఒకటి మడిచి, ఒకటి చాచి నిలబడే విలుకాడి భంగిమ అది. తుంటి కిందికి దిగి బరువు మోస్తుంది. ఆ నిలకడ అర్థమయ్యాకే ఆయుధాలు అర్థమవుతాయి.

అరిగిన రాయి మీద టార్చి ఎదురుగా వేస్తే అంతా చదునైపోతుంది. పక్క నుంచి, రాయికి దాదాపు ఆనేంత వాలుగా వెయ్యాలి. అప్పుడు చెరిగిపోయాయనుకున్న సూది, దారం, పంది మూతి నీడల్లో తేలతాయి. గీతలు కనబడాలని సుద్దముక్కతో రుద్దేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, పొడి రాతి రంధ్రాల్లోకి దిగితే మళ్లీ రాదు.

శ్రీముఖలింగంలో వారాహి అమ్మవారు పూజలందుకుంటున్న దేవత. చీర, పసుపు, పూల మధ్య శిల్పంగా చూడడం కుదరదు, కుదరాలని పట్టుబట్టకూడదు కూడా. వారాహి శరీరం రాతిలో ఎలా ఉంటుందో ఒడిశాలోని చౌరాసి అనే ఊరి విగ్రహం చూస్తే తెలుస్తుంది: ఒక చేత చేప, ఒక చేత కపాలం, నిండుగా ముందుకొచ్చిన పొట్ట. ఆ పొట్టే ఆమె గాంభీర్యం. దాన్ని శిల్పి దాచలేదు.

బొమ్మ గీయడానికి మేం కూర్చున్నది ముఖలింగం గుడి ద్వారబంధాల దగ్గర. మకరం మీద గంగ, తాబేలు మీద యమున. త్రిభంగంలో, అంటే ఒళ్లు మూడు చోట్ల వంగి ఉన్న బొమ్మకి తలతో మొదలుపెడితే నూటికి నూరుపాళ్లూ తుంటి పక్కకి జారి మనిషి పడిపోతున్నట్టుంటుంది. ముందు ఒక నిలువు గీత. కంఠం గుంట నుంచి దించిన ఆ గీత బరువు మోసే కాలి మడమ దగ్గరికి చేరాలి. తర్వాత తుంటి వాలు, దానికి ఎదురుగా భుజాల వాలు, ఆఖరున తల. కొలత నవతాళం, అంటే మొత్తం ఎత్తు తొమ్మిది ముఖాలంత: ముఖం 12 అంగుళాలు, మెడ 4, మెడ నుంచి గుండెకి 12, అక్కణ్ణుంచి బొడ్డుకి 12, బొడ్డు నుంచి పొత్తికడుపు కింది దాకా 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. మొత్తం 108. ఇవి మన స్కేలు అంగుళాలు కావు, బొమ్మ ముఖంలో పన్నెండో వంతు ఒక అంగుళం.

పొట్ట దగ్గర తొందరపడకూడదు. బొడ్డు చుట్టూ కనబడే మూడు మడతల్ని మన కావ్యాలు త్రివళి అన్నాయి, అందమని మెచ్చుకున్నాయి. చదునైన పొట్టే అందమని అలవాటుపడ్డ చెయ్యి వాటిని తెలియకుండానే చెరిపేస్తుంది. 2బి పెన్సిల్ని పక్కకి వాల్చి మడతని గీతగా కాక నీడగా దిద్దితే మెత్తదనం వస్తుంది. ముఖమో పాదమో విరిగిపోయి ఉంటే అక్కడ కాగితం ఖాళీగా వదిలెయ్యాలి.