పుళియంతోపు అక్కలు అడిగిన ప్రశ్నలు

ఖమ్మం, కొత్తగూడెం పల్లెల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి మాట్లాడబోతే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఆ హాస్టల్ పిల్లలకు వేసిన సూది సంగతేంటి మేడమ్?" 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి, ఈ క్యాన్సర్‌ను తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారని తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ తల్లుల ప్రశ్న న్యాయమైనదనీ అంతే నమ్ముతాను.

మా స్వచ్ఛంద సంస్థ నార్వేలోని ఒక విశ్వవిద్యాలయంతో కలిసి మా పల్లెల్లో హెచ్‌పీవీ పరీక్షల అధ్యయనం తలపెట్టింది. అంగీకార పత్రాలు అచ్చుకు పోకముందే చెన్నై వెళ్లి, ఈ పని ఏళ్ల తరబడి చేసినవాళ్లను కలిసొస్తానన్నాను. ఖమ్మంలో రాత్రి రైలెక్కితే గూడూరు దాటాక తెల్లవారింది. ఎదురు బెర్తు పెద్దాయన నెల్లూరులో ఎక్కాడట, భార్యను చూపించడానికి తీసుకెళ్తున్నాడు. "మావైపు 'అడయారుకు రాసిచ్చారు' అంటే చాలమ్మా, ఏం జబ్బని ఎవరూ అడగరు" అన్నాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సూళ్లూరుపేటలో టీ తాగుతూ నేనే మాట కలిపాను. పల్లెలో ఏడాదిపాటు తెల్లబట్టకు మందులు వాడిందట. లోపల పరీక్ష చేయాలని ఒక్కరూ అనలేదట.

అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ముందు దిగగానే ఆంధ్ర మాటలు చెవిన పడతాయి. నెల్లూరు యాస, చిత్తూరు యాస, అక్కడక్కడ ఒంగోలు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి తన చెల్లెలు క్యాన్సర్‌తో కన్నుమూయడం చూసి, అలాంటివాళ్ల కోసం ఆసుపత్రి కట్టాలని పట్టుబట్టింది. 1954లో 12 పడకలతో మొదలైంది. మరుసటి ఏడాది చేరిన డాక్టర్ వి. శాంత 2021లో పోయేదాకా ఆ ఆవరణనే ఇల్లు చేసుకుని పనిచేసింది. వైద్యం సంగతి లోకానికి తెలుసు. నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మాత్రం ఇక్కడి క్యాన్సర్ రిజిస్ట్రీ. 1980ల తొలినాళ్ల నుంచి మద్రాసులో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో, ఎవరు బతికారో, ఎవరు పోయారో నమోదు చేస్తూ వస్తున్నారు. ఆసుపత్రులు వాటంతటవి పంపుతాయని కూర్చోకుండా సిబ్బంది ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరిగి, మరణాల రికార్డులు కూడా చూసి రాసుకుంటారు. నగరంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తగ్గుతూ, రొమ్ము క్యాన్సర్ పెరుగుతూ వచ్చిందని ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఆ తిరుగుడు వల్లే. పేరు రాని ఈ పని లేకపోతే విదేశాల నుంచి ఎంత గొప్ప పరిశోధకులు వచ్చినా చేతిలో ఏమీ ఉండదు.

సాయంత్రం తిరువాన్మియూరులో ఒక రిటైర్డ్ నర్సును కలిశాను. దిండిగల్ జిల్లా ఆవిడ. ఆ వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలానే ఉన్నాయి, ఆవిడదీ అలాంటి ఇల్లే. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, అడయారు ఇన్‌స్టిట్యూట్, అంబిళిక్కైలోని క్రైస్తవ ఆరోగ్య కేంద్రం కలిసి 2000లో అక్కడ పెద్ద అధ్యయనం మొదలుపెట్టాయి. 30 నుంచి 59 ఏళ్ల స్త్రీలకు పలచటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, ముఖద్వారం మీద రాసి ఒక్క నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ తేలితే అనుమానించాలి. తగినవాళ్లకు నర్సులే అక్కడికక్కడ విపరీతమైన చల్లదనంతో ఆ చోటును గడ్డకట్టించే చికిత్స చేసేవారు. 2007లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి: పరీక్షకు పిలిచిన ఊళ్లలో ఈ క్యాన్సర్ 25 శాతం, దానివల్ల మరణాలు 35 శాతం తగ్గాయి.

"అంకెలు వాళ్లు రాసినారు, మేము వాకిళ్లు తొక్కినాము" అందావిడ. కోతల కాలంలో ఆడవాళ్లు పగలు దొరకరని పొద్దు పోయాక వెళ్లేవాళ్లట. కోడలు రావాలంటే ముందు అత్తను కూర్చోబెట్టి చెప్పాలట. పిలిచినవాళ్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా వచ్చారంటే ఊరికే రాలేదు. మరి పోలిక కోసం ఉంచిన ఊళ్లు? వాటికి ఆ రోజుల్లో దొరికే మామూలు సేవలే. పరీక్ష లేని ఆ ఊళ్ల స్త్రీల గురించి తర్వాత వైద్యనీతి పత్రికల్లో గట్టి వాదన నడిచింది. ఆ మాట ఎత్తితే ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆ ఊళ్లలోనూ మా చుట్టాలున్నారు అమ్మాయ్" అని మాత్రం అంది. ఒక అధ్యయనం వల్ల లక్షల మందికి మేలు జరిగినా, ఎవరిని పక్కన ఉంచాం, వాళ్లకు ఏం చెప్పాం అనే లెక్క తీరాల్సిందేనని నా నమ్మకం.

మర్నాడు మా అధ్యయనంలో పాలుపంచుకుంటున్న నార్వే పరిశోధకురాలితో కలిసి ఉత్తర చెన్నైలోని పుళియంతోపు వెళ్లాను. బేసిన్ బ్రిడ్జి దగ్గర బండ్లు కదలక దారిలో చాలాసేపు మాట్లాడుకున్నాం. మా జిల్లాలో టీకా ఆగిన సంగతి ఆమెకు నాకంటే వివరంగా తెలుసు. 2010లో దేశమంతటా ఇలాంటి అధ్యయనాలు ఆపమన్నప్పుడు లియాన్ సంస్థ నడిపిస్తున్న ఇంకో టీకా అధ్యయనం కూడా మధ్యలో నిలిచిపోయింది. 17 వేలకు పైగా ఆడపిల్లల్లో కొందరికి ఒక్క డోసే అందింది. వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం, ప్రమాదకరమైన 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు కూడా సుమారు 95 శాతం కాపాడింది. రెండు, మూడు డోసుల కంటే ఏమీ తీసిపోలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క డోసు చాలనడానికి ఆధారమైనవాటిలో ఇదొకటి. మన పిల్లలు ఇచ్చిన సమాచారంతో ఎన్నో పేద దేశాల ఖర్చు తగ్గింది. భద్రాచలం తల్లులకు ఈ మాట ఎవరైనా వెళ్లి చెప్పారా అని అడిగాను. చెప్పాలి, అది మన పనే అంది.

పుళియంతోపులో తరాల కిందట నెల్లూరు, ఒంగోలు వైపుల నుంచి వచ్చి పారిశుధ్య పనిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. పొద్దుటి డ్యూటీ దిగి అక్కలు గుడి అరుగు మీద చేరారు. ఆరోగ్య కార్యకర్త కూడా ఆ వీధి పిల్లే. సన్నటి బ్రష్ చూపించి, డాక్టరమ్మ ముందు పడుకోనక్కర్లేదని, ఎవరికి వాళ్లే బాత్‌రూమ్‌లో నమూనా తీసుకోవచ్చని చెప్పింది. నవ్వులు, గుసగుసలు. ఆ తర్వాత ప్రశ్నలు.

"ఇది విమానంలో పోతుందా? పోతే మాకు చెప్పాల."

"రిపోర్టు బాగలేకపోతే ముందు ఎవరికి చెప్తారు? మా ఆయనకి ఫోన్ చేస్తే ఇంట్లో రచ్చయితాది."

"ఆసుపత్రికి పోయిన రోజు జీతం కట్ చేస్తే ఎవరిస్తారు?"

అందరికంటే పెద్దావిడ ఒకామె చివరికి అడిగింది: "నాకు జబ్బుందని మీరు కనిపెట్టి పుస్తకంలో రాసుకుని పోతే, నన్ను ఎవరు చూస్తారు పాపా?"

నేను తెలుగులోంచి ఇంగ్లీషులోకి చెబుతుంటే పరిశోధకురాలు ఒక్కొక్కటీ రాసుకుంది. నమూనాలు దేశం దాటవని అక్కడే చెప్పింది. వైద్యం ఎక్కడ జరుగుతుందో, ఏ డాక్టరు చూస్తారో తేల్చకుండా ఒక్క నమూనా కూడా తీసుకోబోమంది. జీతం విషయం మాత్రం తన చేతిలో లేదని, అడిగి చెబుతానని అంది. ఆ ఒప్పుకోలు వాళ్లకు నచ్చింది. "తెలీదంటే తెలీదంది చూడు" అని ఒకామె పక్కామెతో అనడం విన్నాను.

ఆ రాత్రి బసలో కూర్చుని మా అంగీకార పత్రం మొత్తం తిరగరాశాం. ఫలితం ఆ స్త్రీకి మాత్రమే, ఆమె చెప్పిన చోట, ఆమె చెప్పిన వేళకు చెప్పాలని మొదటి పేజీలోకి తెచ్చాం. చికిత్స చేసే ఆసుపత్రి పేరు, అక్కడ కలవాల్సిన నర్సు ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలన్నాం. దారి ఖర్చు, పోయిన కూలి అధ్యయనం డబ్బులోంచే ఇవ్వాలని బడ్జెట్‌లో కొత్త పద్దు చేర్చి నార్వేకు పంపాం. కూలి పద్దుకు ఇంకా జవాబు రాలేదు. అది వచ్చేదాకా భద్రాచలం వైపు ఏ ఊళ్లోనూ సంతకాలు అడగకూడదని మా వాళ్లకు రైల్లోంచే ఫోన్ చేసి చెప్పాను.