తమ్ముడికి వచ్చింది మామూలు జ్వరం కాదు

భ్రమలు, లేనిపోని భయాలు తగ్గించే మానసిక వ్యాధి మందు హాలోపెరిడాల్ మొదలుపెట్టిన అయిదో రోజు మా తమ్ముడి ఒళ్లు కాలిపోయింది. వైరల్ జ్వరమేమోనని పారాసిటమాల్ వేశాను. మర్నాడు పొద్దున లేపి కూర్చోబెడదామని చెయ్యి పట్టుకుంటే మోచేయి వంగలేదు, కర్రలా బిగుసుకుపోయింది. చెమటకి చొక్కా తడిసి ముద్దయింది. పిలిస్తే నా వైపు చూశాడు గానీ గుర్తుపట్టలేదు.

ఎమర్జెన్సీలో ముందు ఆ మందు ఆపేశారు. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే అనే ఎంజైము రక్తపరీక్షలో విపరీతంగా ఉంది. న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అన్నారు, అంటే ఇలాంటి మందులు వికటించి వచ్చే జబ్బు. అరుదే, కానీ ప్రాణం మీదికి వస్తుంది. బిగుసుకున్న కండరాలు దెబ్బతిని, వాటిలోంచి రక్తంలోకి వచ్చే పదార్థం కిడ్నీలను పాడుచేస్తుంది. అందుకే సెలైన్లు ఎక్కిస్తూనే ఉన్నారు.

"మందు మొదలుపెట్టే ముందు ఎలా ఉన్నాడమ్మా?" అని అక్కడి డాక్టరుగారు అడిగారు. అప్పుడు చెప్పాను. నీళ్లలో ఎవరో విషం కలిపారన్న భయంతో మూడు రోజులు సరిగ్గా నీళ్లే తాగలేదు. నిద్ర లేదు, ఇల్లంతా ఒకటే తిరగడం. పాత డాక్టరు రాసిన, మూడ్‌ని అదుపులో ఉంచే లిథియం మాత్రలు అప్పటికే వాడుతున్నాడు. దాని మీద హాలోపెరిడాల్ ఇంజెక్షన్లు, నాలుగు రోజుల్లో రెండుసార్లు డోసు పెంచడం. ఒంట్లో నీరు తగ్గడం, తీవ్రమైన ఆందోళన, ఇంజెక్షన్ రూపంలో మందు, డోసు త్వరత్వరగా పెంచడం, తోడుగా లిథియం: ముప్పును పెంచేవి ఇవేనట. వాడికి ఇవన్నీ ఉన్నాయని నాకు తెలుసు, ముప్పని మాత్రం తెలియదు. హాలోపెరిడాల్ రాసిన డాక్టరు నీళ్ల సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను తొలిచేస్తుంది.

ఇదంతా చదివి మందులు మానేయకండి, దయచేసి. మందు లేకుండా వాడు బతికిన రోజులు నేను చూశాను. కోలుకున్నాక రెండు వారాలకు పైగా ఆగి, వేరే మందు చాలా తక్కువ డోసుతో మొదలుపెట్టారు. అది సరిపోక, చివరికి క్లోజపిన్‌కి మారాడు. దీనికి తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది, అందుకే మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష. సిగరెట్ మానేస్తానన్నప్పుడు సంతోషించాను, కానీ ముందు డాక్టరుకి ఫోన్ చేశాను. పొగ ఆగితే రక్తంలో ఈ మందు మోతాదు పెరిగిపోతుంది. ఆయన డోసు తగ్గించారు.

మలబద్ధకం కూడా దీంతో ప్రమాదకరంగా మారుతుంది. అందుకే రోజూ పొద్దున్నే ఆ ప్రశ్న అడుగుతాను. విసుక్కుంటూనే, "అయిందక్కా" అంటాడు.