మిగిలిన చిల్లర ఎవరిది?

మాంచెస్టర్ దగ్గర గోదాములో రాత్రి షిఫ్టు. ఆ వేళకు మా వైపు బస్సుల్లేవు. ఐదుగురం ఒకే కారులో వెళ్లేవాళ్లం, పెట్రోలు ఐదు వాటాలు. ఇందులో లెక్క తప్పేదేముంది అనుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే మొదలైంది.

"నేనెక్కేది వారానికి మూడు రోజులు. అందరితో సమానంగా నేనెందుకివ్వాలన్నా?" అన్నాడు మాలో చిన్నవాడు.

"పెట్రోలొక్కటేనా? టైర్లు అరిగేది నావి కాదూ!" అన్నాడు కారున్నాయన.

ఇద్దరిదీ న్యాయమే, అదే చిక్కు.

ఆ రోజుల్లోనే ఓ సెలవునాడు మాంచెస్టర్ దగ్గరే ఉన్న రోచ్‌డేల్ అనే ఊరు వెళ్లాను. టోడ్ లేన్‌లో పాత ఇటుకల కట్టడం, ఇప్పుడు మ్యూజియం. 1844 డిసెంబరు 21న 28 మంది కలిసి 28 పౌండ్లు పోగేసి ఇక్కడే సహకార సంఘం కొట్టు తెరిచారు. సరుకల్లా వెన్న, చక్కెర, పిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు. కల్తీ లేదు, తూకంలో మోసం లేదు, అరువూ లేదు. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకటే ఓటు.

నన్ను కదలనివ్వనిది మాత్రం వాళ్లు లాభం పంచుకున్న తీరు. అమ్మింది బజారు ధరకే. పెట్టుబడికి ఇంతని వడ్డీ, అంతకు మించి లేదు. మిగిలింది ఎవరెంత కొన్నారో చూసి వాళ్లకే తిరిగిచ్చారు. అంటే కొట్టుకొచ్చిన ప్రతివాడికీ కొట్టు బాగుండాలనే ఉంటుంది. మంచితనం మీద ఆధారపడని ఏర్పాటు. మా ఐదుగురికీ కావలసింది సరిగ్గా అదే!

తిరుగు ప్రయాణంలో రసీదు వెనక లెక్క వేశాను. ఎక్కినప్పుడల్లా ఇంతని డబ్బాలో వెయ్యాలి. పెట్రోలు, అరుగుదల పోను మిగిలింది ట్రిప్పుల లెక్కన ఎవరిది వాళ్లకు. ఏది తేల్చాలన్నా మనిషికో ఓటు. లాభం చేసుకోనంత వరకే ఇలా ఖర్చులు పంచుకోవడానికి ఇక్కడి ఇన్సూరెన్సు ఒప్పుకుంటుంది. ఆ భయమూ తీరింది.

కారున్నాయన ముఖం ముడుచుకున్నాడు. "బండి నాదైనా నాకూ ఒక్క ఓటేనా?" చివరికి బండి బాగోగుల్లో ఆయన మాటే చెల్లేలా, మిగతావి ఓటుకు పెట్టేలా కుదిరింది. మొదటి ఓటు దేనికనుకున్నారు? ఆలస్యమైనవాడి కోసం ఎంతసేపు ఆగాలి అని. ఐదు నిమిషాలు. వద్దన్నది నేనొక్కణ్నే, ఎప్పుడూ ఆలస్యమయ్యేది నేనే మరి.

నెలాఖరుకు డబ్బాలో నాలుగు పౌండ్ల చిల్లర మిగిలింది. చిన్నవాడు తన వంతు అరచేతిలో పోసుకుని, కారు లైటు వేయించి మరీ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.