నల్లా వస్తే లేస్తాను

నన్ను చూసినవాళ్లు బద్ధకం అనుకుంటారు. కానీ బద్ధకస్తులకు ఓ సుఖం ఉంటుంది. పని ఎగ్గొట్టి పడుకుంటే కమ్మగా నిద్ర పడుతుంది, టీవీ పెట్టుకుంటే మజా వస్తుంది. నాకు ఆ భాగ్యం కూడా లేదు. మంచం మీద కూర్చొని, బాత్రూం ముందు బకెట్లో నానబెట్టిన బట్టల దిక్కు చూస్తూ, లేవాలి లేవాలి అని లోపల నన్ను నేనే తిట్టుకుంటూ మధ్యాహ్నం దాకా అట్లాగే ఉండిపోతాను. చేతిలో ఫోన్ ఉంటుంది గానీ అందులో ఏం చూశావని ఎవరైనా అడిగితే చెప్పలేను. సాయంత్రానికి బట్టలు వాసన పడతాయి, మళ్లీ సర్ఫ్ వేసి నానబెట్టాలి. ఒక్క పనీ కాకుండానే ఒళ్లు హూనం.

నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, పని మొదలుపెట్టడం కష్టమయ్యే మెదడు తీరు), ఆటిజం (మనుషులతో మెలగడం, శబ్దాలూ స్పర్శలూ తట్టుకోవడం వేరేగా ఉండే తీరు) రెండూ ఉన్నాయని పెద్దయ్యాకే తెలిసింది. ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనబడి ఉండాలట, అందుకే డాక్టరమ్మ మా అమ్మను కూడా రమ్మంది. అమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది: "సదువుల ఫస్టే మేడం, గానీ చెప్పులు ఏడ ఇడిసిందో సోయి ఉండది." నేను స్కూల్లో ఉన్నప్పుడే ఎవరికైనా అనుమానం వచ్చినా, రెండూ కలిపి రాసేవాళ్లు కాదేమో. డాక్టర్లు మానసిక సమస్యలను తేల్చడానికి చూసే, అమెరికా మనోవైద్యుల సంఘం వేసే డీఎస్ఎం పుస్తకం 2013లో మారేదాకా, ఆటిజం ఉన్నవాళ్లకు ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికి ఒప్పుకునేది కాదు.

జనాలకు అర్థం కానిది ఏంటంటే, ఏం చేయాలో నాకు తెలుసు. రస్సెల్ బార్క్లీ అనే అమెరికా సైకాలజిస్టు ఎన్నో ఏళ్లుగా చెప్తున్నది కూడా అదే, ఏడీహెచ్‌డీలో లోపం తెలియకపోవడంలో లేదు, తెలిసింది చేయగలగడంలో ఉంది అని. కాబట్టి టైంటేబుల్ రాసుకో, పొద్దున్నే లే అనే సలహాలు నాకు బోలెడు వచ్చాయి, అన్నీ కరెక్టే, ఒక్కటీ పనికి రాలేదు.

స్నానమే తీసుకోండి. హీటర్ రాడ్ ఎక్కడుందో చూడాలి, బకెట్ ఖాళీగా ఉండాలి (లేదు, అందులో బట్టలున్నాయి), నీళ్లు పట్టాలి, రాడ్ పెట్టాలి, అవి కాగేలోపు ఇంకో పనిలో పడి మర్చిపోకూడదు, స్విచ్ ఆపినాకే చెయ్యి పెట్టాలి, టవల్ కావాలి, ఉతికినవి ఉన్నాయో లేవో చూడాలి, ఆ తర్వాత తడి ఒంటికి బట్ట అతుక్కునే చిరాకు భరించాలి, అది నాకు నిజంగా ముళ్లు గుచ్చినట్టే ఉంటుంది. మామూలుగా మనిషి మెదడు ఇదంతా మూట కట్టి "స్నానం" అని ఒక్క పనిగా చేతికిస్తుంది. నా మెదడు ఆ మూట కట్టదు, ప్రతిసారీ విడివిడిగా ముందు పరుస్తుంది. ఇక ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవకు పోవడం గురించి అడగొద్దు.

మరి చిన్నప్పుడు ఎట్లా నడిచింది? ఈ ప్రశ్న చాన్నాళ్లు నన్ను తొలిచింది. మాది దేవరకొండ దిక్కు ఊరు, బత్తాయి తోట ఉండేది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018లో మొదలైంది గానీ నా చిన్నప్పుడు త్రీఫేజ్ కొన్ని గంటలే. కరెంటు వచ్చిందంటే నాయిన మోటారు దగ్గరికి ఉరికేవాడు, ఇల్లంతా ఆయన వెనక కదిలేది. అవ్వ చీపురు ఇచ్చేది, అమ్మ బోళ్లు ముందు పెట్టేది, ఎవరో ఒకరు పేరు పెట్టి అరిచేవాళ్లు. నా తల చేయాల్సిన పనిని ఇల్లే చేసిపెట్టింది. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేసుకుంటూ నల్లగొండలో ఒక్కదాన్నే గది తీసుకున్నాక ఆ ఇల్లు పోయింది, నేను ఆగిపోయాను. ఇప్పుడు నన్ను కచ్చితంగా లేపేది ఒక్క నల్లా. రోజు విడిచి రోజు వస్తుంది, అందులో అలసత్వం కుదరదు, పట్టుకోకపోతే నీళ్లుండవు. ఆ కాసేపట్లో డ్రమ్ము నింపి, బోళ్లు తోమి, బట్టలు కూడా జాడించేస్తాను. చూసినవాళ్లు "చేస్తే చేయగలవు కదా" అంటారు. ఆ మాట వింటే మండుతుంది.

అయితే ఊరికి తిరిగి పో అనకండి. ఏడీహెచ్‌డీకి మనుషులు కావాలి, ఆటిజానికి ఆ మనుషులే గండం. ఒకసారి పనిలో దిగాక ఎవరైనా పిలిస్తే ఒళ్లు ఝల్లుమంటుంది, మళ్లీ అందులోకి దిగడానికి గంటలు పడుతుంది. ఆటిస్టిక్ ధ్యాస ఒకేదారిన లోతుగా పారుతుందని, దారి మళ్లించడమే కష్టమని డైనా మర్రే అనే పరిశోధకురాలు, ఇంకో ఇద్దరు కలిసి 2005లో ఒక వ్యాసం రాశారు, దానికి మోనోట్రోపిజం అని పేరు. ఊళ్లో నన్ను నడిపించిన అరుపులే రాత్రి నన్ను దుప్పటి కింద ఏడిపించేవి కూడా. రెండూ నిజమే.

ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడుతున్నాను. లేవడం సులువైంది, కానీ ఏ పనికి లేవాలో మందు చెప్పదు. బట్టలకని లేచి పాత ఫొటోలన్నీ ఏడాదివారీగా సర్దిన రోజులున్నాయి. పైగా అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి కట్టుబాట్ల మధ్య అమ్మేది, డాక్టర్ చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్లు దాచుకోవాలి, ప్రతి మెడికల్ షాపులో ఉంచరు. కాగితాలు గుర్తుపెట్టుకోలేని మనిషికి గుర్తుపెట్టుకుని కాగితం తెస్తేనే ఇచ్చే మందు! దానికోసం హైదరాబాద్‌లోని ఎల్బీనగర్‌కు బస్సెక్కాలి.

ఎక్కువ పనిచేసింది మాత్రం పక్కింటి ఆంటీ. ఎల్లిపాయలు వలుచుకోవడానికి మా గదిలోకి వచ్చి కూర్చుంటుంది, నేను బట్టలు మడత పెడతాను. ఏం చేయమని అనదు, ఏం చేశావని అడగదు. బాడీ డబ్లింగ్ అంటారు దీన్ని, చాలామంది ఏడీహెచ్‌డీ వాళ్లు వీడియో కాల్‌లో ఇదే చేస్తారు. మాట్లాడకుండా కూర్చోవడం ఆంటీకి మొదట్లో చచ్చేంత కష్టమైంది పాపం, ఇప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సీరియల్ చూసుకుంటుంది.

అమ్మ రోజూ ఫోన్ చేసి "తానం చేసినవా బిడ్డా" అనేది. అట్లా అడిగితే టెన్షన్ వస్తుందమ్మా, "బకెట్ ఖాళీ చేసినవా" అని అడుగు చాలు అన్నాను. "ఇదేం ఇచ్చంత్రమే" అని నవ్వింది గానీ అప్పట్నుంచి అట్లాగే అడుగుతోంది. కొన్నిసార్లు ఫోన్ పట్టుకునే లేచి పోయి ఖాళీ చేస్తాను, కొన్నిసార్లు చేసిన అని అబద్ధం చెప్తాను, ఆమెకు తెలిసిపోతుంది.