క్రియ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తే

విడి మాటలన్నీ తెలిసినా ఇంగ్లీషు వాక్యం కుదరకపోతోందంటే, చాలాసార్లు తప్పు క్రియ తర్వాత వచ్చే ముక్కల వరసలో ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నవాటిలో ఏది ముందు, ఏది వెనక? "మేనర్, ప్లేస్, టైమ్" అనే గ్రామర్ సూత్రం నన్ను సగం దూరమే తీసుకెళ్లింది. మిగతా సగం దారి తెలుగు వాక్యమే చూపించింది.

ఈ వాక్యం చూడండి: "నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి నాన్న వానలో బస్టాండు నుంచి మెల్లగా ఇంటికి నడిచొచ్చాడు." కర్తని పక్కన పెట్టి, క్రియ దగ్గర మొదలుపెట్టి ఒక్కో ముక్కా వెనక్కి చదవండి. నడిచొచ్చాడు, ఇంటికి, మెల్లగా, బస్టాండు నుంచి, వానలో, తొమ్మిదిన్నరకి, నిన్న రాత్రి. ఇప్పుడు ఇంగ్లీషు వాక్యం: "ఫాదర్ వాక్డ్ హోమ్ స్లోలీ ఫ్రమ్ ది బస్ స్టాండ్ ఇన్ ది రెయిన్ ఎట్ హాఫ్ పాస్ట్ నైన్ లాస్ట్ నైట్." అదే వరస, తిరగేసినట్టు.

ఇది కాకతాళీయం కాదు. క్రియతో ఎక్కువ చుట్టరికం ఉన్న ముక్క రెండు భాషల్లోనూ క్రియ పక్కనే కూర్చుంటుంది. మన క్రియ వాక్యం చివర ఉంటుంది, వాళ్లది కర్త పక్కన ఉంటుంది. అందుకే చుట్టాల వరస అటుదిటు అవుతుంది. ముక్క లోపల కూడా ఇదే సంగతి: మన విభక్తి పేరుకి (నామవాచకానికి) వెనక చేరుతుంది, వాళ్ల ప్రిపొజిషన్ (ఇన్, ఎట్, ఫ్రమ్ లాంటి మాట) పేరుకి ముందు నిలబడుతుంది. కాలమూ చోటూ కూడా ఇంతే. మనం పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాం: "సోమవారం సాయంత్రం ఆరింటికి", "విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర". వాళ్లు చిన్నదాని నుంచి పెద్దదానికి ఎక్కుతారు: "ఎట్ సిక్స్ ఇన్ ది ఈవినింగ్ ఆన్ మండే", "నియర్ బెంజ్ సర్కిల్ ఇన్ విజయవాడ".

అందుకని నేను చేసే పని ఇది. తెలుగు వాక్యం రాసుకుని ముక్కకీ ముక్కకీ మధ్య గీత పెడతాను. క్రియకి ఒకటో నంబరు వేసి, అక్కణ్నుంచి ఎడమవైపుకి నంబర్లు వేసుకుంటూ పోతాను. కర్తకి నంబరు ఉండదు, అది ముందే వెళ్లి కూర్చుంటుంది. తర్వాత ఆ నంబర్ల వరసలో ఇంగ్లీషు రాస్తాను. "ఇంటికి మెల్లగా" అని తెలుగులో మారిస్తే అక్కడా "స్లోలీ హోమ్" అని మారుతుంది, రెండూ ఒప్పే. చివర ముక్కలు మరీ పేరుకుపోతే కాలాన్ని తీసి మొదట పెడతాను: "లాస్ట్ నైట్" అని మొదలుపెట్టవచ్చు. "హోమ్"ని మాత్రం అలా ముందుకి లాగకూడదు, మామూలు మాటల్లో అది నప్పదు.

ఈ పద్ధతి తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. శ్రద్ధ పెట్టాల్సింది వాటి మీదే.

మొదటిది కర్మ. "ఉత్తరాన్ని జాగ్రత్తగా చదివాను" అన్నదాన్ని తిరగేస్తే "ఐ రెడ్ కేర్‌ఫుల్లీ ది లెటర్" వస్తుంది. అది తప్పు. ఇంగ్లీషు క్రియకీ దాని కర్మకీ మధ్య మామూలుగా యాడ్వర్బ్ (పని ఎలా, ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చెప్పే మాట) దూరదు. "ఐ రెడ్ ది లెటర్ కేర్‌ఫుల్లీ" అనాలి. "స్పీక్స్ వెల్ ఇంగ్లీష్" అన్నది కుదరకపోవడానికీ కారణం ఇదే. అయితే "మ్యాప్ వంక జాగ్రత్తగా చూశాను" అన్నదాన్ని "ఐ లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ది మ్యాప్" అంటే చక్కగా ఉంది. తేడా ఆ "ఎట్"లో ఉంది. ప్రిపొజిషన్ ఉంటే ముందు ఖాళీ దొరుకుతుంది, యాడ్వర్బ్ అక్కడ కూర్చోవచ్చు. వట్టి కర్మ అయితే ఖాళీ ఉండదు. "లిజన్డ్ కేర్‌ఫుల్లీ టు ది సాంగ్" కూడా ఇలాగే నిలబడుతుంది.

రెండోది, విభక్తి కనిపించగానే ప్రిపొజిషన్ తగిలించడం. "ఇంటికి"లో "కి" ఉంది కాబట్టి "గో టు హోమ్" అనేస్తాం. హోమ్, హియర్, దేర్, అబ్రాడ్, అప్‌స్టెయిర్స్ అనేవి వెళ్లడం, రావడం చెప్పేటప్పుడు యాడ్వర్బులు, "కి" వాటి కడుపులోనే ఉంది. లాస్ట్, నెక్స్ట్, దిస్, ఎవ్రీ అనే మాటలతో మొదలయ్యే కాలానికి కూడా ముందు ఏమీ అక్కర్లేదు. "ఆన్ మండే" సరే, "ఆన్ లాస్ట్ మండే" కాదు.

మూడోది నాకు బాగా ఇష్టమైన చోటు. యాడ్వర్బూ ప్రిపొజిషన్ ముక్కా జంటగా వచ్చి ఒకే చోటుని చూపిస్తాయి. "అప్ ఆన్ ది టెర్రస్", "డౌన్ బై ది ట్యాంక్", "అవుట్ ఇన్ ది ఫీల్డ్స్". యాడ్వర్బ్ ముందు దిక్కు చూపిస్తుంది, తర్వాతి ముక్క చోటుని పట్టి చూపిస్తుంది. ఇక్కడ తిరగేయకూడదు, ఎందుకంటే మనమూ "పైన డాబా మీద", "కింద చెరువు దగ్గర" అని అదే వరసలో అంటాం. "ఎర్లీ ఇన్ ది మార్నింగ్", "లేట్ ఎట్ నైట్" కూడా ఈ జంటలే. ఇక్కడ ముందున్న మాట తర్వాతి ముక్కలో ఏ కొసో చెబుతుంది.

ప్రిపొజిషన్‌కి ముందు నిలబడే "రైట్", "ఓన్లీ" గురించి కాస్త ఆగి చెప్పాలి. మన దగ్గర ఆ పని ఎక్కువగా చిన్న "ఏ" చేస్తుంది. "ఇక్కడే" అంటే "రైట్ హియర్", "గుడి ముందే ఆపు" అంటే "స్టాప్ రైట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ది టెంపుల్". మనది చివర, వాళ్లది మొదట. కానీ కాలం దగ్గరికొచ్చేసరికి ఈ "ఏ" తిరకాసు పెడుతుంది. "భోజనం తర్వాతే మాత్ర వేసుకో" అంటే "ఓన్లీ ఆఫ్టర్ ఫుడ్". ముందు వేసుకోవద్దని దాని అర్థం. "రైట్ ఆఫ్టర్ ఫుడ్" అంటే "తిన్న వెంటనే" అని. ఒకటి తినకముందు వద్దంటుంది, రెండోది ఆలస్యం చేయొద్దంటుంది. మందుల వాడకం రాసేటప్పుడు ఈ తేడా పొరపాటున కూడా పోకూడదు. అందుకే నేను "ఏ" కనిపించిన ప్రతిచోటా "మాత్రమే" అని మార్చి చూస్తాను. అర్థం నిలిస్తే "ఓన్లీ", లేకపోతే "రైట్".

ఆల్వేస్, ఆఫెన్, నెవర్ లాంటివి మామూలుగా చివరి వరసలోకి రావు. ఇవి మామూలు క్రియకి ముందు, "ఈజ్" లాంటి వాటికి వెనక ఉంటాయి: "హి ఆల్వేస్ కమ్స్ ఎట్ సిక్స్", "హి ఈజ్ ఆల్వేస్ హియర్ బై సిక్స్".

ఇక, ముక్క దేనికి అతుక్కుంటుందనేది. "సొరుగులో ఉన్న తాళంచెవిని పెట్టెలో పెట్టాను" అంటే మనకి స్పష్టం, ఆ "ఉన్న" అనే మాట పేరుకీ క్రియకీ మధ్య సరిహద్దు గీస్తుంది. ఇంగ్లీషులో "ఐ పుట్ ది కీ ఇన్ ది డ్రాయర్ ఇన్ ది బాక్స్" అంటే, ఆ సొరుగే పెట్టెలో ఉందేమో అనిపిస్తుంది. "ది కీ ఫ్రమ్ ది డ్రాయర్" అంటే చిక్కు వీడిపోతుంది. కాలంతోనూ ఇదే గొడవ. "హి సెడ్ ఆన్ మండే హి వుడ్ పే" అంటే సోమవారం అన్నాడా, సోమవారం ఇస్తాడా? మన "సోమవారం ఇస్తానన్నాడు" కూడా అంతే. అన్నది సోమవారమైతే "ఆన్ మండే"ని వాక్యం మొదట పెడతాను, ఇచ్చేది సోమవారమైతే "పే" పక్కన.

చివరగా, ప్రిపొజిషన్‌లా కనిపించి క్రియకి తోకలా ఉండే మాటలు. "టర్న్‌డ్ ఆఫ్ ది రోడ్"లో "ఆఫ్" రోడ్డుది. "టర్న్‌డ్ ఆఫ్ ది లైట్"లో "ఆఫ్" క్రియది. మధ్యలో "సడెన్లీ" పెట్టి చూస్తే తేలిపోతుంది: రోడ్డు వాక్యం నిలబడుతుంది, లైటు వాక్యం విరిగిపోతుంది. ఈ తోకలు చాలాచోట్ల మన "వేయు" చేసే పని చేస్తాయి. తినేయడం "ఈట్ అప్", పారేయడం "త్రో అవే". కర్మ స్థానంలో "ఇట్" వస్తే తోక దాని వెనక్కి తప్పకుండా పోవాలి: "టర్న్ ఇట్ ఆఫ్". అలాంటప్పుడు చోటూ కాలమూ కూడా ఉంటే కర్మ, తోక, చోటు, కాలం అన్నదే వరస: "పుట్ ఇట్ బ్యాక్ ఇన్ ది అల్మైరా బిఫోర్ డిన్నర్."